తినని అప్పం

పోయిన నెల ఆళ్లగడ్డ సంఘం వాళ్లు గుడి పండగ చేసుకుంటూ, పాత పంతులమ్మను కదా, నన్నూ రమ్మన్నారు. ఎవరైనా పిలిస్తే కాదనలేకపోవడం నాకు చిన్ననాటి జబ్బు. దారిలో నంద్యాలలో దిగి, నేను చదువుకున్న మిషను కాంపౌండు ఒకసారి చూసిపోదామనుకున్నాను. చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బోర్డింగు ఉన్న చోట ఎవరివో కార్లు నిలబెట్టి ఉన్నాయి. గుడి మాత్రం ఉంది. అక్కడి పాస్టరు, కుర్ర అయ్యగారు, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మాటల మధ్యలో బీరువా తెరిచాడు. లోపల ప్లాస్టిక్ కవర్లలో తెల్లటి అప్పాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఇప్పుడివి పార్సిల్లో వస్తాయమ్మా, మాకేం శ్రమ లేదు అన్నాడు. ఇంకా ఆరాధన బల్ల మీదికి పోనివే, రుచి చూడండి అని ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను తిరిగిచ్చేశాను. వయసు వల్ల వద్దంటున్నాననుకున్నాడు పాపం. అది వయసు కాదు. ఆ గుండ్రటి తెల్ల బిళ్లను చూస్తే నా ఒంట్లో డెబ్భై ఏళ్లుగా ఏదో ఒక మూల ముడుచుకుంటూనే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డలో మావాళ్ల ఆడపిల్లకు చదువంటే ఉన్న దోవ ఒక్కటే, నంద్యాల మిషను బోర్డింగు. ఆ గేటు దాటి లోపలికి పోతే పంతులమ్మవో నర్సువో అవుతావు, దాటకపోతే రెడ్ల చేలల్లో కలుపు తీస్తావు. మా నాయన ఆళ్లగడ్డ సంఘానికి ఉపదేశి. ప్రభువు పేరట అప్పమూ ద్రాక్షరసమూ పంచే బల్ల ఆరాధనకు నంద్యాల నుంచి అయ్యగారు నెలకోసారి వచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడపడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, రోగుల దగ్గర కూర్చోవడం, పీనుగుల వెంట నడవడం అంతా నాయన పని. ఆ పనికి ముందు ఆయన ఒక రెడ్డి ఇంట్లో జీతగాడు. మిషను ఆయన చేతికి పుస్తకం ఇచ్చి, ఒంటి మీద తెల్ల చొక్కా వేసింది. ఆ చొక్కా మాసిపోతుందేమోనని నాయన జన్మంతా భయపడుతూనే బతికాడు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాయన తల్లి, మా జేజి.

బోర్డింగులో మాకు అప్పాలు చేసే పని ఉండేది. శనివారం పొద్దున్నే ఆరుగురు ఆడపిల్లలం వంటింటి వెనక పొయ్యి దగ్గర చేరేవాళ్లం. పొడుగాటి పిడులున్న రెండు ఇనుప పలకలు, వాటి లోపల సిలువ గుర్తు చెక్కి ఉండేది. పలకలు కాల్చి, మైనం రాసి, గోధుమపిండి నీళ్లలా కలిపి ఒక గరిటె పోసి నొక్కితే బుస్సుమని ఆవిరి లేచేది. మాడీ మాడని పిండి, కరిగిన మైనం, కాలిన ఇనుము కలిసిన ఆ వాసన మా పరికిణీలకు ఆదివారం దాకా పట్టుకునే ఉండేది. కాగితంలా వచ్చిన ఆ రొట్టెను రేకు కట్టుతో గుండ్రంగా కోసి, బిళ్లలన్నీ మూతడబ్బాలో వేసేవాళ్లం. కోయగా మిగిలిన అంచులు మావి. "అంచులు మీకు, గుండ్రటివి దేవునికి" అనేది మా మేట్రనమ్మ, శనివారం శనివారం, మాకు తెలియనట్టు. ఆమె పేరు సాలోమమ్మ. చిన్న వయసులోనే భర్త పోయి, బోర్డింగు పిల్లల్నే కన్నబిడ్డలనుకున్న మనిషి. కన్నబిడ్డలనుకుంది కాబట్టి కొట్టడానికి కూడా వెనకాడేది కాదు. అంచులు తిని తిని మాకు ఆ రుచి నాలుక మీద ఉండిపోయింది. ఉప్పు లేదు, తీపి లేదు, పళ్లకు అంటుకుని కరిగిపోయే చప్పిడి రుచి. అందరూ ఒప్పుకున్న సంగతేమిటంటే, అంచులు తిన్నా పాపం లేదు, గుండ్రటిది తింటే నరకమే.

నాకు పన్నెండో పదమూడో ఏడు వచ్చినప్పుడు కన్ఫర్మేషను తరగతిలో చేర్చారు. బిషప్పుగారు వచ్చి తల మీద చేతులుంచితే అప్పటినుంచి పెద్దవాళ్లతోపాటు బల్ల తీసుకోవచ్చు. బోర్డింగులో ఆ ఈడు పిల్ల కన్ఫర్మేషను కాకపోతే, ఆమె మనసులో ఏదో తేడా ఉందని అర్థం. తరగతి చెప్పేది అయ్యగారే. సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. ఒకరోజు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, పుట్టినప్పటినుంచి చేసిన పాపాలన్నీ రాయమన్నారు. ఆ కాగితం మీకూ దేవునికీ మధ్య, ఎవరూ చదవరు, మడిచి తెస్తే గుడి మెట్ల దగ్గర కాల్చేస్తాం అన్నారు. తమకు పాపాలు లేవనుకునేవాళ్లు తమను తాము మోసం చేసుకుంటున్నారని కూడా అన్నారు. ఆ రెండోమాటే నా కొంప ముంచింది.

ఎంత గింజుకున్నా నాకు నాలుగు పాపాలే దొరికాయి. ప్రార్థనలో నిద్రపోయాను. ప్రకాశమ్మను గిచ్చాను. పెరుగు పోసేటప్పుడు నా ముంత ముందుకు తోశాను. నాయన మీద ఒకసారి కోపం తెచ్చుకున్నాను. పక్కన చూస్తే నా జతగత్తె ప్రకాశమ్మ, నాకంటే మంచిపిల్ల, రెండు పుటలు నింపి మూడో దానికి పోయింది. నాలుగే పాపాలున్న పిల్లను దేవుడు ఏమనుకుంటాడు? గర్వం అనుకుంటాడు. కాగితం అంత తెల్లగా ఆయన ముందు పెట్టడానికి భయమేసింది. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు నేను చాలా భక్తిగా, చాలా వణుకుతూ, నాకు తెలిసిన పాపాల్లోకెల్లా పెద్దదాన్ని ఎంచుకుని ఐదోదిగా రాశాను: డబ్బాలోని దేవుని అప్పాలు దొంగతనంగా తిన్నాను. అది రాశాక మనసు తేలికపడింది కూడా. పుట నిండినట్టనిపించింది.

కాగితాలన్నీ కట్టగా కట్టే పని సాలోమమ్మగారిది. అందరూ రాశారో లేదో చూద్దామని మడతలు విప్పానని తర్వాత ఆమే చెప్పింది. ఆ సాయంత్రం నన్ను వంటింటి వెనక్కి పిలిచి, డబ్బా తెచ్చి ముందర పెట్టింది. మూత తీసి లోపలికి చూసింది. ఆ డబ్బాలో ఎన్నుండాలో ఏనాడూ ఎవరూ ఎంచింది లేదు. కానీ ఆ రోజు అందులో ఎన్నున్నా తక్కువే. నేను తినలేదన్నాను. ఆమె నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

"దేవునికి రాసిన కాగితంలో ఎవురన్నా అబద్ధం రాస్తారా మే? అదీ తన మీద తానే?" అంది.

అవును, అబద్ధమే రాశాను అంటే దేవునికే అబద్ధం చెప్పినదాన్ని. తినలేదు అంటే కాగితం అడ్డం. తిన్నాను అంటే దొంగను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఎట్లుంటాది మే అప్పం, చెప్పు చూద్దాం అని ఆమె ఇంకో పక్కనుంచి వచ్చింది. నేను మంచిపిల్లను కదా, అడిగిందానికి జవాబిచ్చాను. చప్పగా ఉంటుంది, పళ్లకు అంటుకుంటుంది అన్నాను. అంచులదీ దానిదీ ఒకటే రుచి అని ఆ క్షణాన మా ఇద్దరికీ తట్టలేదు.

అయ్యగారు కోప్పడి ఉంటే నాకు దోవ దొరికేదేమో. ఆయన కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, నీ కాగితం చదివినందుకు మేట్రనమ్మను మందలించాను అన్నారు. తర్వాత ఎంతో దయగా, బల్లకు చెందిన వస్తువు కాబట్టి ఇది అందరి ముందరా ఒప్పుకోవలసిన పాపమని చెప్పారు. రెండు వారాల తర్వాత ఆదివారం లేచి నిలబడి ఒప్పుకుంటే, అంతటితో అయిపోతుంది, బిషప్పుగారు నీ తల మీద చెయ్యి పెడతారు, నీ సీటు నీకుంటుంది. ఒప్పుకోకపోతే మనసు బండబారినట్టు లెక్క, అటువంటి పిల్లను మిగతా పిల్లలతో ఉంచలేను. నేను తినలేదయ్యా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, ఒక వారం ఇంటికి పోయి ఆలోచించుకో తల్లీ అన్నారు. అందరూ నా మేలు కోరేవాళ్లే. మేలు కోరేవాళ్లు నాలుగు పక్కలా నిలబడితే గోడల కంటే గట్టిగా ఉంటుంది.

నాయన వచ్చి నన్ను తీసుకుపోయాడు. శిరివెళ్ల మీదుగా బస్సు పోతుంటే కోత అయిపోయిన నల్లరేగడి చేలు, దూరంగా నల్లమల, కిటికీలోంచి వేడిగాలి. నాయన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తిన్నావా అని అడుగుతాడేమోనని దోవ పొడుగునా ఎదురుచూశాను. శిరివెళ్లలో అడుగుతాడనుకున్నాను. బస్సు దిగాక అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

మా ఇల్లు రాతిశిల్పాలు చెక్కేవాళ్ల వీధి చివర, రెండు గదుల మిషను ఇల్లు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఉలుల చప్పుడే. వీధంతా ముక్కూ చెవీ ఇంకా రాని దేవుళ్లు నిలబడి ఉండేవాళ్లు. ఆ వీధిలో ఉపదేశి ఇల్లేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు గానీ, వాళ్లకూ మాకూ ఎన్నడూ మాట తేడా రాలేదు. మా ముందుగది గోడ మీద నాయన నీలిమందుతో, స్కేలు పెట్టి గీసినట్టుండే అక్షరాలతో, దేవునికి భయపడటమే తెలివికి మొదలని చెప్పే వాక్యం రాసిపెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అది చదివి వినిపించేవాడు. ఆ వారమంతా నేను ఆ గోడకు ఎదురుగానే కూర్చున్నాను. వీధిలోకి పోవడానికి లేదు, తోటిపిల్లలతో కలవడానికి లేదు. నాయన ఒక కాగితం మీద నేను చెప్పవలసిన మాటలు రాసి ఇచ్చాడు. ప్రభువుకు చెందినదానిని నేను దొంగిలించి తిన్నాను, సంఘము నన్ను క్షమించవలెనని వేడుకొనుచున్నాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి ఒప్పజెప్పించుకునేవాడు. దొంగిలించి దగ్గర తల దించాలి, వేడుకొనుచున్నాను దగ్గర చేతులు జోడించాలి. ఉలుల చప్పుడు ఎక్కువైతే గట్టిగా చెప్పమనేవాడు.

జేజి ఇదంతా వంటింటి గడపలోంచి చూస్తూ ఉండేది. జేజికి చదువు రాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన కూడా రెండు చోట్ల తప్పు చెప్పేది, నాయన దిద్దేవాడు, మళ్లీ తప్పే చెప్పేది. కానీ పొద్దున పొయ్యి వెలిగించకముందు, నోట్లో నీళ్లు కూడా పోసుకోకముందు, వాకిట్లోకి వచ్చి రెండు చేతులూ వేలాడేసి కొంచెంసేపు నిలబడేది. కళ్లు మూసేది కాదు, పెదవులు కదిలేవి కాదు. ఏం చెప్పుకుంటావు జేజీ అని అడిగితే, "ఏమీ చెప్పను. నేను ఈడుండానని ఆయనకు చూపిస్తా, అంతే" అనేది. కూలికి చెనిక్కాయలు పీకడానికి పోతే, ఇంటికొచ్చేముందు చేని గట్టు మీద నిలబడి కొంగు దులిపేది, ఒక్క కాయ చిక్కుకుని ఉన్నా చేలోనే పడేసేది. చూసేవాళ్లు ఎవరూ ఉండరు. రెడ్డి ముందరా అదే మాట, మిషను దొరసాని ముందరా అదే మాట మాట్లాడేది. జేజికి మర్యాద తెలియదని నాయన సిగ్గుపడేవాడు. జేజిని చూస్తే నాకూ కొంచెం సిగ్గుగానే ఉండేది, ఆ సంగతి దాచి ఏం లాభం?

మూడోరోజు నాయన సంఘం పని మీద బయటికి పోయినప్పుడు, జేజి చేటతో జొన్నలు చెరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"తింటివా మే?"

అన్ని రోజుల్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. లేదు జేజీ అన్నాను. మరి ఎందుకు రాస్తివి అంది. కాగితం తెల్లగా ఉంటే దేవునికి కోపం వస్తుందని రాశానన్నాను. జేజి చేట కింద పెట్టి నవ్వింది. కళ్లనీళ్లు వచ్చి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసి, నన్ను దగ్గరికి లాక్కుంది. "చేసిన పాపాలతోనే ఆయన ముందర నిలబళ్లేక సస్తాండామే. చేయనివి గూడా నెత్తినెత్తుకుంటివా, పిచ్చిదానా" అంది. ఆ మధ్యాహ్నం అరగంటసేపు నాకు ఊపిరి ఆడింది. అంతకు ముందూ ఆడలేదు, ఆ తర్వాత చాలా ఏళ్లూ ఆడలేదు.

నాయన రాగానే జేజి నేరుగా చెప్పేసింది. పాప తినల్యా, రేపే నంద్యాలకు పోయి అయ్యగోరికి చెప్పు అంది. నాయన కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టి కాళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మా, నువ్వు గమ్మునుండు" అన్నాడు. "అది తినిందా తినలేదా నాకొద్దు. నేను అడగను. దానికి చదువు కావల్ల. తినలేదంటే సీటు పోతాది, ఉపదేశి బిడ్డె అయ్యగోరికి ఎదురు చెప్పిందని నా పని గూడా పోతాది. మళ్లీ రెడ్డి కొట్టంలో పేడ ఎత్తమంటావా?"

"ఆ గోడ మీద ఏం రాస్తివి?" అంది జేజి. "నాకు చదవనీకి రాదు. నువ్వే చెప్తివి."

నాయన గోడ వైపు చూడలేదు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున మాత్రం ఎప్పటిలాగే కాగితం తీసుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పనని నేనంటే బహుశా వినేవాడేమో. ఆయన ముఖం చూశాను. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒప్పజెప్పాను.

నంద్యాల గుడిలో ఆ ఆదివారం నేను ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాను. దించాల్సిన చోట తల దించాను, జోడించాల్సిన చోట చేతులు జోడించాను. ఆడవాళ్లు ఏడ్చారు. సాలోమమ్మగారు అందరి ముందరా నన్ను కావలించుకుంది. బోర్డింగులో నాకు ఒక్కసారిగా గౌరవం పెరిగిపోయింది. అంత పెద్ద పాపం చేసినదాన్ని కదా, చిన్నపిల్లలు పక్కన కూర్చోవడానికి పోటీపడేవాళ్లు. రెండు పుటలు రాసిన ప్రకాశమ్మ కొంచెం అసూయపడింది కూడా. బిషప్పుగారు వచ్చి నా తల మీద చేతులుంచారు. చేతులు బరువుగా, వెచ్చగా ఉన్నాయి. నాకేమీ తెలియలేదు, ఎప్పుడు తీస్తారా అనిపించింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను. నెలవారీ బల్లకు అయ్యగారు ఆళ్లగడ్డ వచ్చారు. ఆ రోజు ఆయన ఎత్తుకున్న విషయం దైవభయం. చదువుకున్నవాళ్లందరూ తెలివైనవాళ్లు కారు, దేవునికి భయపడినవాళ్లే తెలివైనవాళ్లు అని చాలా బాగా చెప్పుకొచ్చారు. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! నా వైపు చెయ్యి చూపించి, మీ ఉపదేశిగారి బిడ్డనే చూడండి, చేసిన దొంగతనాన్ని దాచుకోకుండా వందలమంది ముందర ఒప్పుకుంది, అదీ దైవభయం అంటే, నేను ఊరూరా ఈ బిడ్డ సంగతే చెప్తున్నాను అన్నారు. నేను ముందు చాప మీద, కన్ఫర్మేషనుకు కుట్టించిన తెల్ల ఓణీతో కూర్చుని ఉన్నాను. తలలన్నీ నా వైపు తిరిగాయి. అప్పుడు వెనక ఆడవాళ్లలోంచి జేజి లేచి నిలబడింది. గుడిలో ఆడవాళ్లు పాడటం తప్ప గొంతెత్తి మాట్లాడిన రోజు లేదు.

"ఆ బిడ్డె తినల్యా, అయ్యగోరూ" అంది. "భయపడి రాసింది, భయపడి చెప్పింది. ఆమెను సూపించి దైవభయమని చెప్పొద్దండి. అది మనుషుల భయం."

నాయన బల్ల పక్కన, రుమాలు కప్పిన పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అయ్యగారి ముఖం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు. ఆయన అన్యాయస్తుడు కాడు, నన్నే అడిగారు. దీనమ్మా, లేచి నువ్వే చెప్పు తల్లీ, తిన్నావా లేదా?

లేచాను. జేజి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని నాకు తెలుసు. నాయన చేతుల్లోని పళ్లెం సన్నగా చప్పుడు చేస్తోంది. ఒక్క మాట అంటే చాలు, అన్నీ విడిపోతాయి. బోర్డింగు పోతుంది, నాయన చొక్కా పోతుంది, అయ్యగారు ఊరూరా చెప్పిన మాట పోతుంది. నా మాట మీద అప్పటికే ఎంతమంది ఇల్లు కట్టుకున్నారో! పదమూడేళ్ల పిల్ల దాన్ని కూల్చగలదా అని ఇప్పుడు నన్ను నేను సమర్థించుకుంటాను. కూల్చగలదు. అరవై దాటిన చదువురాని మనిషి అప్పుడే లేచి కూల్చబోయింది, నేనే ఆపాను.

"తిన్నానయ్యా" అన్నాను.

జేజి కూర్చుంది. గుడిలో, బల్ల ముందర, అబద్ధమాడినందుకు ఆమెను మూడు నెలలు బల్లకు దూరంగా ఉంచుతున్నామని అయ్యగారు చెప్పారు. అది సంఘానికి చదివి వినిపించవలసినవాడు ఉపదేశి. నాయన తన తల్లి పేరు చదివాడు, చదవడం అయ్యాక నీళ్లు అడిగి తాగాడు. తర్వాత బల్ల మొదలైంది. నేను పోయి మోకాళ్లూని అరచేతులు చాపాను. అయ్యగారు అప్పం పెట్టారు. ఎన్నో శనివారాలు పొయ్యి దగ్గర కాచుకున్నా ముట్టని గుండ్రటి అప్పాన్ని, జేజి తలుపు దగ్గర కూర్చుని చూస్తుండగా, నేను ఆ రోజు నిజంగా దొంగతనంగా తిన్నాను.

ఇంటికొచ్చి జేజి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. నా మీద కోపం లేదా జేజీ అని అడిగాను. ఆమె నా జడ విప్పి దువ్వుతూ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అట్లనే గుర్తున్నాయి.

"నీ మీద కోపమేంది మే. నువ్వు నాయనకు భయపడితివి, అయ్యగోరికి భయపడితివి, బడి పోతాదని భయపడితివి. ఇంతమందికి భయపడేదానికి ఆయనకు భయపడనీకి తీరిక యాడిది? ఆయన భయం ఒక్కటి వస్తే ఇవన్నీ పోతాయి. నీకింకా రాలేదు. వచ్చినప్పుడు చెప్పు, నేనేమీ పరిగెత్తిపోతాండనా."

మూడు నెలలూ జేజి ఆదివారం అందరికంటే ముందే గుడికి పోయేది. తలుపు పక్కన చెప్పుల దగ్గర కూర్చునేది. బల్లకు అందరూ లేచినప్పుడు, పొద్దున వాకిట్లో నిలబడినట్టే చేతులు వేలాడేసి నిలబడేది. మూడు నెలలు అయిపోయాక అయ్యగారు పిలిస్తే ముందుకు వచ్చి బల్ల తీసుకుంది, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేను ఎనిమిది పాసై, ట్రైనింగులో చేరి, రెండో ఏడు నడుస్తుండగా జేజి పోయింది. వచ్చినప్పుడు చెప్పు అన్నది కదా, నాకు ఆ భయం వచ్చేసరికి ఆమె లేదు. మంచిదాన్నని పేరు తెచ్చుకుని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఏ పిల్లయినా తప్పు ఒప్పుకుంటే నేను ముందు అడిగేది ఒకటే, నిజంగా చేశావా అని. పిల్లలు నన్ను వింతగా చూసేవాళ్లు.

నాయన మంచం పట్టిన చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను గంజి తాగిస్తుంటే, తనంతట తానే అన్నాడు. "ఆ పొద్దు నేను నిన్ను అడగల్యా. అడిగితే నువ్వు నిజం చెప్తావని భయమాయె." నేను గిన్నె పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన మీద నాకున్న కోపం ఆ రోజు పోయింది. నా మీద ఉన్నది మాత్రం పోలేదు. ఇప్పటి పిల్లలకు ఎవరి భయమూ లేదని నా ఈడువాళ్లు వాపోతుంటారు. మాకు అందరి భయమూ ఉండేది, అందుకని మేము తెలివైనవాళ్లం అయిపోలేదు. ఈ కాలపు పిల్ల అయితే కాగితం మీద నాలుగే రాసి, నాలుగే ఉన్నాయి అని ఇచ్చేసేది. అదొక్కటి చూసి నేను సంతోషపడతాను.

ఆళ్లగడ్డలో ఈసారి గుడి పండగ ఘనంగా చేశారు. కొత్త గుడి, పలకరాళ్ల నేల, షామియానా. ఆ సంఘం నుంచి చదువుకున్న మొదటి ఆడపిల్లనని నాకు దండ వేశారు. మాట్లాడిన పెద్దమనిషి నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, వాళ్ల నాయన దగ్గర విన్న కథ చెప్పాడు. చిన్నప్పుడు ఈమె అప్పాలు తిని ధైర్యంగా ఒప్పుకుందంట, వీళ్ల జేజి మాత్రం మనవరాలి మీది ప్రేమకొద్దీ నిండు గుడిలో అబద్ధమాడి మూడు నెలలు తలుపు దగ్గర కూర్చుందంట. జనం ముచ్చటగా నవ్వారు. పాపం ముసలామె అన్నారెవరో. డెబ్భై ఏళ్లుగా ఆ ఊళ్లో మా జేజి గురించి మిగిలింది ఇదొక్కటే అని నాకు అప్పుడు తెలిసింది. ఆమె కొంగు దులిపింది ఎవరికీ గుర్తులేదు.

మైకు నా చేతికిచ్చారు. భయం వేయలేదు, నాకే ఆశ్చర్యమేసింది. మా జేజి అబద్ధమాడలేదు, అబద్ధమాడింది నేను, నేను ఆ అప్పాలు తినలేదు అన్నాను. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. అక్కడి అయ్యగారు నవ్వుతూ లేచి, చూశారా, ఈ వయసులో కూడా జేజి మీద ఎంత ప్రేమో, ఆమె మాట నిలబెట్టడానికి తన సాక్ష్యాన్నే వదులుకుంటున్నారు అంటూ, మైకు తీసుకోవడానికి మెల్లగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. మెత్తని చెయ్యి. మేలు కోరే చెయ్యి. ఆ రోజు గుడిలో లేచి నిలబడిన మనిషికి ఎట్లా ఉండిందో నాకు అప్పుడు ఒంటికి తెలిసింది. జేజి ఒక్కసారి చెప్పి కూర్చుంది, ఎందుకంటే అవునని పలకవలసిన ఒక్క గొంతు పలకలేదు.

నేను మైకు ఇవ్వలేదు. చప్పట్లు ఆపండప్పా, నేను చెప్పేది ఇంకా అయిపోలేదు అని, నంద్యాల బోర్డింగు నుంచి, అంతా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.